చర్మం వలిచెయ్యండి మేడమ్!

ఆ రోజుల్లో సింగపూర్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని జీతం తీసుకునేవాళ్ళకి ఇంగ్లీషు మంచినీళ్ళ ప్రాయమని మనవాళ్ళందరికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనూ చెరపలేదు. పాయా లేబర్ అనే పేటలో ఒక ఆఫీసులో టెస్టర్‌గా చేసేదాన్ని. అంటే ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి, ఉన్నది ఉన్నట్టుగా పైవాళ్ళకి చెప్పడం నా పని. (పెళ్ళిచూపుల్లో ఈ మాట చెప్తే ఒక పెద్దాయన "అయితే తప్పులెన్నడమేనామ్మా నీ ఉద్యోగం?" అని అడిగి, కాఫీ తాగేసి వెళ్ళిపోయాడు.) తెలిసినవాళ్ళు బ్యాంకుకి వెళ్ళినా, డాక్టరు దగ్గరికి వెళ్ళినా తోడు రమ్మనేవారు. నేనూ పెద్ద దుబాసీలాగా భుజాన సంచీ తగిలించుకుని బయల్దేరేదాన్ని.

అప్పట్లో పాసిర్ రిస్‌లో ఒక ఒంగోలు దంపతుల ఫ్లాట్‌లో గది అద్దెకి తీసుకున్నాను. ఆయన్ని అన్నయ్యా అనీ, ఆవిణ్ణి వదినా అనీ పిలిచేదాన్ని. అన్నయ్య జురాంగ్ ఐలాండ్‌లో చమురు ఫ్యాక్టరీలో ఇంజనీరు. కాపురం దేశానికి ఈ చివర, ఉద్యోగం ఆ చివర. అక్కడ ఎంత పెద్ద పైపు బుసకొట్టినా రెప్ప వేయని మనిషి, బడి అనేసరికి నీరుగారిపోయేవాడు. చిన్నప్పుడు హెడ్మాస్టరు ముందు నిలబడ్డ భయం ఆయనలో అలాగే ఉండిపోయింది. వాళ్ళకి ఒక్కతే కూతురు, మూడో తరగతి. చిట్టి అనేవాళ్ళం. పరాయిదేశపు పిల్ల కాబట్టి సర్కారు బడిలో సీటు అంత సులువుగా దొరకలేదు. కాళ్ళరిగేలా తిరిగి చేర్పించారు.

ఒక సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి వదిన కళ్ళు తుడుచుకుంటోంది. బడి నుంచి ఫోనొచ్చిందట. కౌన్సిలర్ మేడమ్ తల్లిదండ్రులిద్దర్నీ మర్నాడే రమ్మందట.

"ఏం జేసిందో ఏమో అమ్మాయ్! ఎంతడిగినా నోరు తెరవదు. పేరు కొట్టేస్తారంటావా?" అంది వదిన.

"కొట్టేస్తే ఇంకేముంది, మీరిద్దరూ ఒంగోలు పోవాల్సిందే. ఇంకో బడి యాడ దొరుకుద్ది? నేనిక్కడ ఒంటికాయ శొంఠికొమ్ములాగా పడుండాల," అన్నాడు అన్నయ్య. ఆ మాటతో వదిన ఏడుపు టక్కున ఆగిపోయింది. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. తలుపు పక్కన చిట్టి మా మొహాలు మార్చి మార్చి చూస్తోంది.

కాసేపటికి అన్నయ్యే ఉపాయం చెప్పాడు. "టీచరు కన్నా ముందు మనమే కోప్పడాల. అప్పుడు టీచరే పిల్లని ఎనకేసుకొస్తది. మా నాయన అట్టనే చేసేవాడు. నువ్వు మాత్రం నా మాటలు ఇంగ్లీషులో సరిగ్గా చెప్పు చెల్లెమ్మా. బళ్ళోకి పోతే నాకు తెలుగే సరిగా రాదు."

మర్నాడు వదిన డబ్బా నిండా సున్నుండలు పట్టుకుంది. కౌన్సిలర్ గదిలో బెత్తం ఉంటుందనుకున్న అన్నయ్యకి ఎలుగుబంటి బొమ్మలు కనిపించేసరికి ఉన్న ధైర్యం కూడా పోయింది. ఆవిడ నడివయసు చైనీస్ మేడమ్, మెత్తటి గొంతు. చిట్టిని అప్పటికే తరగతి నుంచి పిలిపించి ఓ కుర్చీలో కూర్చోబెట్టింది. మర్యాదగా సున్నుండల డబ్బాని మావైపే జరుపుతూ, "మీ అమ్మాయి కొన్ని వారాలుగా బళ్ళో ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఇంట్లో ఏమైనా జరిగిందా?" అని ఇంగ్లీషులో అడిగింది.

అన్నయ్య చటుక్కున లేచి చేతులు జోడించాడు. "మేడమ్, మీరేం మొగమాటపడబాకండి. రెండు కళ్ళూ వదిలేసి, చర్మం వలిచెయ్యండి!" అని, "చెప్పు చెల్లెమ్మా!" అంటూ నావైపు తిరిగాడు.

మన బళ్ళలో ఆ మాటకి అయ్యవారు నవ్వి, "అయ్యో, బంగారంలాంటి పిల్లండీ" అనాలి. అది పద్ధతి. కానీ నేను టెస్టర్ని కదా! "రెండు కళ్ళు మాత్రం మినహాయించి, మిగతా చర్మమంతా తీసేయవలసిందని తండ్రిగారి మనవి," అని స్పష్టమైన ఇంగ్లీషులో, వ్యాకరణదోషం లేకుండా విన్నవించాను.

డబ్బా మీద ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "స్కిన్?" అంది. తన మాట ఇంకా బలంగా తగల్లేదనుకున్నాడేమో, అన్నయ్య జోరుగా తలూపి, "యెస్ మేడమ్! ఫుల్ స్కిన్! నో ప్రాబ్లమ్!" అన్నాడు.

ఆవిడ మొహంలో నవ్వు పోయింది. కుర్చీ జరుపుకుని చిట్టి పక్కన కూర్చుని, "నాన్న ఇంట్లో కూడా ఇలా అంటారా?" అని అడిగింది. చిట్టి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, వేళ్ళ సందుల్లోంచి అంది: "నాన్న సెడ్, ఇఫ్ ఐ సే 'లా', హి విల్ కట్ మై టంగ్. బట్ ఇట్ జస్ట్ కమ్స్ అవుట్. సో ఐ డోంట్ టాక్."

నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ మధ్య అన్నం దగ్గర చిట్టి, ఇక్కడివాళ్ళు మాట చివర తోకలాగా తగిలించే 'లా' చేర్చి "డోంట్ వాంట్ లా" అన్నందుకు, "ఆ దిక్కుమాలిన 'లా' ఇంకోసారి అన్నావంటే నాలుక కోస్తా!" అని అన్నయ్య కసిరి, పెరుగు వడ్డించుకున్నాడు. మేమందరం అప్పుడే మర్చిపోయాం. మా చిన్నతనంలో ఇలాంటివి అన్నంలో నంజుకు తిన్నాం. ఎవరి నాలుకా తెగలేదు. కానీ చిట్టి పెరిగింది సింగపూర్‌లో. ఇక్కడ గోడ మీద జరిమానా అని రాసుంటే జరిమానా పడుతుంది. చెప్పింది చేసే ఊళ్ళో పెరిగిన పిల్లకి, నాన్న ఉత్తినే అంటాడని ఎలా తెలుస్తుంది?

"నేను పిల్లల రక్షణ చూసేవాళ్ళని కూడా పిలవాలి," అంటూ మేడమ్ ఫోను అందుకుంది. వదిన నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేలా. నేను హడావిడిగా, మా భాషలో ఇదంతా ప్రేమేననీ, మా నాన్న కూడా నన్ను చంపి పాతరేస్తానని తరచూ అనేవాడనీ చెప్పాను. మేడమ్ నావైపు కూడా జాలిగా చూసింది.

అప్పుడు అన్నయ్య లేచాడు. నన్నేం అడగలేదు. వెళ్ళి చిట్టి కుర్చీ ముందు నేలమీద కూలబడ్డాడు. "ఒట్టిదే తల్లీ. కోపంలో వొచ్చిన మాట. నీ నాలుక కోసి నేను బతుకుతానా? ఇన్నాళ్ళూ దానికా నువ్వు మాట్లాడంది? అను, ఎన్నిసార్లయినా అను," అన్నాడు.

చిట్టి నెమ్మదిగా చెయ్యి తీసి, "రియల్లీ? కెన్ ఆ?" అంది, నిజంగా అనొచ్చా అన్నట్టు.

అన్నయ్య చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, "కెన్ లా," అన్నాడు.

చిట్టి ఆయన మెడ చుట్టేసింది. ఇక చూడాలి! ఎవరు ఎవరితో కచ్చి కొట్టారో, క్యాంటీన్‌లో ఏం పడిపోయిందో, వారాల కబుర్లన్నీ మాటమాటకీ ఒక 'లా' తగిలించి చెప్పేసింది. మేడమ్ కాసేపు విని ఫోను పెట్టేసింది. కొన్నాళ్ళు వారం వారం తల్లీ తండ్రీ పిల్లా ముగ్గురూ వచ్చి తనతో మాట్లాడాలంది. "అంటే పేరు కొట్టెయ్యరా?" అన్నాడు అన్నయ్య, నేలమీద నుంచే. ఆ ప్రశ్న ఇంగ్లీషులో చెప్పేసరికి ఆవిడ ఆశ్చర్యపోయి, "ఇది పంపేసే గది కాదు, సాయం చేసే గది," అంది. ఆ మాట మాత్రం తెలుగులో రెండుసార్లు చెప్పాను.

ఇప్పుడు నాకూ ఒక బడికెళ్ళే కొడుకున్నాడు. ఒళ్ళు మండినప్పుడు "వీపు చీరేస్తా" అని నోరు జారుతుంది. అనేశాక, ఇది మన పద్ధతి అని తెలుసో లేదో అని వాడి మొహంలోకి చూస్తాను. వాడు ఫోను మీద నుంచి తలెత్తకుండా, "డ్రామా వద్దు లా, అమ్మా," అంటాడు. హమ్మయ్య అనుకుంటాను. ఆ వెంటనే, నా బెదిరింపుకి ఆపాటి విలువ కూడా లేదా అని కొంచెం చిన్నబుచ్చుకుంటాను.