రెండు పాత స్పీకర్లు, రెండు చెవులు

మా అన్న చెవులు బేతంచెర్లలో పోయాయి. నాపరాళ్ళు కోసే ఫ్యాక్టరీలో ఇద్దరం చాలా ఏళ్ళు పనిచేశాం. ఆయన కోత మిషన్ల దగ్గర, నేను పక్క షెడ్డులో లోడింగు చూసుకుంటూ. రాతి మీద బ్లేడు తిరిగే రొదకు అలవాటుపడి ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడేవాళ్ళం. అన్న ఇప్పుడు పెళ్ళిళ్ళకు వస్తే ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఎవరేమన్నా నవ్వుతాడు. చెవి మిషను జేబులోంచి బయటికి తియ్యడు. ఆ నవ్వు చూసినప్పుడల్లా నాకు కలుక్కుమంటుంది. తర్వాతి వంతు నాదేనేమోనన్న భయం చాలాకాలంగా నన్ను పట్టుకుని ఉంది.

అందుకే పని మానేసి కర్నూలుకు వచ్చాక, చెవులు సక్రమంగా ఉన్నప్పుడే పాటలు తనివితీరా వినాలనుకున్నాను. ఫోనులో వినమంటారు మా బంధువులు. ఫోనులో పాట డబ్బాలో పెట్టి మూతేసిన తుమ్మెదలా ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు ఒక టీ హోటల్లో నిలువెత్తు చెక్క స్పీకర్లు ఉండేవి. ఒక్క టీ తాగి గంటసేపు కూర్చున్నా యజమాని ఏమీ అనేవాడు కాదు. పాడే మనిషి రెండు స్పీకర్లకు నడుమ, గోడ ముందు నిలబడి పాడుతున్నట్టే ఉండేది. నాకు ఆ మనిషి కావాలి. కొత్త స్పీకర్లు మోగినంత మోగుతాయి గానీ ఆ మనిషిని నిలబెట్టలేవని నా నమ్మకం. నమ్మకం కాదు మొండితనం అంటుంది మా ఆవిడ.

అలాంటి పాత స్పీకర్ల కోసం కర్నూలులో రిపేరు షాపులన్నీ తిరిగాను. ఒకచోట స్పీకరు పెట్టెకు చెదలు, ఇంకోచోట లోపల అదిరే గుండ్రటి కాగితం చిరిగి దానికి ప్లాస్టరు. కాగితాన్ని వేళ్ళతో మెల్లగా లోపలికి నొక్కితే గరగర అనకూడదు. అంటే లోపలి తీగచుట్ట రాసుకుంటోందని అర్థం. నేను వెళ్ళి నొక్కడం, అది గరగరమనడం, షాపువాడు మొహం మాడ్చుకోవడం. నాకసలే ఓపిక తక్కువ. ఇక చాలు అనుకుంటుండగా కడప అవతల ఒక నేతగాళ్ళ ఊళ్ళో ఒకాయన దగ్గర ఒక జత ఉందని తెలిసి బస్సెక్కాను.

ఆయన మగ్గం నేసినన్నాళ్ళూ ఆ స్పీకర్లలో పాటలు పెట్టుకునే నేశాడట. మోకాళ్ళు సహకరించక మగ్గం ఆపేశాడు. స్పీకర్ల ముందు కట్టిన పాత గుడ్డ చీకిపోతే, తన మగ్గం మీదే పల్చటి తెల్లటి నూలుగుడ్డ నేసి బిగించాడు. అంత ముచ్చటైన పని నేను ఏ షాపులోనూ చూడలేదు. పాట పెట్టాడు. పాడే మనిషి వచ్చి రెండు పెట్టెల నడుమ నిలబడ్డాడు.

"తీసకపో అప్పా," అన్నాడాయన. "మగ్గం ఆపినాక నాకు పాట గూడా ఇనబుద్ధి కాలా. ఈడ పెడితే ఎలకలు తింటాయి."

నేను వాటిని ఇంటికి తెచ్చే వేళకు మా ఆవిడ ఊళ్ళో లేదు. కోయిలకుంట్లలో ఆమె చెల్లెలు కాలు విరిగి మంచాన పడితే సాయానికి వెళ్ళింది. ఇల్లంతా నాదే కదా అని హాల్లో రెండు స్పీకర్లూ పెట్టి, పాత యాంప్లిఫయరుకు తగిలించాను. పెట్టెల వెనక రెండేసి స్క్రూలు. రంగులు ఎప్పుడో పోయి అన్నీ నల్లబడ్డాయి. అయినా ఒక్కో పెట్టెకు ఒక్కో స్క్రూ మీద ఎర్రటి గుర్తు కనిపించింది. ఎరుపు ప్లస్ అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎర్ర వైరు ఎరుపుకు, నల్ల వైరు నలుపుకు బిగించి పాట పెట్టాను.

మనిషి లేడు.

గొంతు ఉంది, అది ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియదు. గదంతా పలచగా పరుచుకుంది. తబలా ఉండీ లేనట్టుంది. ముందు వైర్లను తిట్టాను. వైర్ల షాపాయన, ఇంట్లో వాడకానికి మామూలు రాగి వైరే చాలు, లావు వైరుతో గొంతు మారదు అని మర్యాదగానే చెప్పాడు. వినలేదు. పాము లాంటి లావు వైరు తెచ్చి బిగించాను, అదే ఎరుపు ఎరుపుకు. తేడా లేదు. తర్వాత నేలను తిట్టాను. నేలంతా మా ఫ్యాక్టరీ నాపరాళ్ళే, పాట దానికి తగిలి చెదిరిపోతోందేమోనని మా ఆవిడ దాచుకున్న మంచి కంబళి తీసి పరిచాను. కంబళి మీద కూడా మనిషి నిలబడలేదు.

ఒక్కో స్పీకరును విడిగా పెట్టి విన్నాను. ఎడమది బ్రహ్మాండం. కుడిది బ్రహ్మాండం. రెండూ కలిపితే మాత్రం గాలి. అప్పుడు తట్టింది. విడివిడిగా రెండూ బాగుంటే, కలిపి వినాల్సింది నేను. కలపలేకపోతున్నది నా చెవులే. అన్నకు కూడా ముందు ఒక చెవే తగ్గింది. అప్పట్లో ఆయన కూడా టీవీని తిట్టాడు, ఫోనును తిట్టాడు, మమ్మల్ని తిట్టాడు.

ఆ తర్వాత స్పీకర్లు పెట్టలేదు. మా ఆవిడ ఫోను చేస్తే ఏ మాటైనా సరిగా వినపడకపోతే మళ్ళీ అడగడానికి భయమేసి, ఆఁ ఆఁ అనేవాణ్ణి. పక్కింటివాళ్ళను పిలిచి వినిపిద్దామనుకున్నాను. వాళ్ళు బాగానే ఉంది అంటే నా సంగతి తేలిపోతుంది. పిలవలేదు. చెవుల డాక్టరు దగ్గర పేరు రాయించాను గానీ ఎవరికీ చెప్పలేదు. పెళ్ళిళ్ళలో అన్న పక్కన ఇంకో కుర్చీ కళ్ళ ముందు కదిలేది. నిజం చెప్పాలంటే రెండుసార్లు ఏడ్చాను కూడా.

మా ఆవిడ తిరిగొచ్చింది. వచ్చీ రాగానే, ఇంట్లోకి వచ్చిన వస్తువుకు బొట్టయినా పెట్టకుండా వాడేశానని కోప్పడి, కుంకుమ భరిణ తెచ్చింది. ఇంత తెల్లటి గుడ్డ మీద పెడితే మరక పోదంటూ పెట్టె వెనక్కి వెళ్ళింది.

"దీనికి ఎవరో అప్పుడే పెట్టినారే," అంది.

ఏం పెట్టారని అడిగాను.

"బొట్టు. రెండింటికీ ఉండాది. ఇదో, ఏలికి అంటుకుంటాంది సూడు."

ఆమె వేలు ఎర్రగా ఉంది. నేను కంబళి తొక్కుకుంటూ పరుగెత్తాను. తడిగుడ్డతో తుడిస్తే ఎరుపు పోయింది. దాని కింద, మట్టి నిండిన గాడిలో, ఒక పెట్టెకు ప్లస్ గుర్తు బయటపడింది. రెండో పెట్టెకు మైనస్.

ఆ నేత ఇంటి ఇల్లాలు ప్రతి దసరాకూ మగ్గంతో పాటు స్పీకర్లకూ బొట్టు పెట్టి ఉంటుంది. భర్త చేత్తో నేసిన గుడ్డ మీద మరక పడకూడదని, ఈమెలాగే వెనక్కి వెళ్ళి, చెయ్యి ఎక్కడ ఆనితే అక్కడ పెట్టి ఉంటుంది. నేను ఆ బొట్టునే ప్లస్ గుర్తనుకుని ఒక పెట్టెకు వైర్లు తారుమారు చేసి బిగించాను. ఒక స్పీకరు గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. గొంతు నడుమ నిలబడమంటే ఎట్లా నిలబడుతుంది?

ఆ పెట్టెకు వైర్లు మార్చి బిగించాను. పాట పెట్టాను. మనిషి వచ్చాడు. గోడ ముందు, సరిగ్గా నడుమ, గొంతు సవరించుకుని నిలబడ్డాడు. నేను కంబళి మీదే కూర్చున్నాను.

మా ఆవిడ నా మొహం వంక చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"చెవులు పోయినాయనుకున్న్యావా?"

అవునన్నాను. ఆమె నా తల మీద చెయ్యి వేసి, ఆ కుంకుమ వేలితోనే పెట్టె పైన చెక్క అంచుకు బొట్టు పెట్టి, వంటింట్లోకి వెళ్ళింది. డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళే తీరాలని అక్కణ్ణుంచే చెప్పింది. వెళ్తాను. ఇప్పుడు వెళ్ళడానికి భయం లేదు.

పాట నడుస్తూనే ఉంది. వంటింట్లో గిన్నెల చప్పుడు మధ్య ఆమె తనలో తను గొణుక్కుంటోంది. ట్రంకుపెట్టెలో దాచిన కంబళి నేల మీదేసి తొక్కినాడంట, మతి ఉన్న మనిషి చేసే పనేనా అని. పాట ఆపకుండానే, కూర్చున్నచోటి నుంచి కదలకుండానే, ఆ తిట్లన్నీ ఒక్క మాట పొల్లుపోకుండా విన్నాను.