దానియేలు మామ సినిమా గోడ

నిన్న మా పక్కింటివాళ్లు ప్రహరీగోడకు సున్నం వేయించారు. ఇప్పుడందరూ డబ్బాల్లో వచ్చే రంగులే వేయిస్తున్నారు గనుక తడి సున్నం వాసన నా ముక్కుకు తగిలి చాలా ఏళ్లయింది. వరండాలో కూర్చుని టీ తాగుతున్న నాకు ఆ వాసనతో గోదావరిఖనిలో మేమున్న క్వార్టర్ల వరస, ఆ వరస చివరి ఇంటి కిటికీ లేని గోడ, ఆ గోడ మీద మా లైనంతా కలిసి చూసిన సినిమా గుర్తుకొచ్చాయి. టీచరు ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రోజూ డైరీ రాస్తున్నాను. ఇది అంతకు చాలా ముందటి సంగతి కాబట్టి తేదీ చెప్పలేను. చలికాలమనీ, క్రిస్మస్ దగ్గర పడిందనీ, అవ్వ నాకు రెండు జడలు వేసే వయసనీ మాత్రం చెప్పగలను.

మా లైనులో పొద్దు సైరన్ కూతతో మొదలయ్యేది. ప్రతి వాకిట్లో బొగ్గుల పొయ్యి రాజేసేవాళ్లు, ఆ పొగ మంచుతో కలిసి ఎదురింటి తలుపు కూడా కనపడనిచ్చేది కాదు, ఆ పొగలోంచే ఎవరింట్లో జొన్నరొట్టె కాలుతోందో, ఎవరింట్లో ఎల్లిపాయ కారం నూరుతున్నారో మాకు తెలిసిపోయేది. ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేవి. మేం ఆడపిల్లలం అరుగు మీద గచ్చకాయలాడుతూ ఒక కన్ను వీధి మలుపు మీదే ఉంచేవాళ్లం, ఎందుకంటే బాయిలో షిఫ్టు దిగి వచ్చే మా తాత టిఫిన్ డబ్బాలో ఒక రొట్టె ముక్క మిగిల్చి తెచ్చేవాడు. బాయి అంటే మాకు బొగ్గు గనే. భూమి అడుగు దాకా వెళ్లి వచ్చిన ఆ చల్లని రొట్టెకు అవ్వ వేడివేడిగా పెట్టే రొట్టెకు లేని రుచి ఉండేది.

దానియేలు మామ ఆ లైనులో మా పక్కింటివాడు. బాయి మీద, దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో పని. ప్లేడే అని పిలుచుకునే వారపు సెలవు రోజున ఆయన మెడలో పాత కెమెరా వేసుకుని వీధులు తిరిగేవాడు. నల్లా దగ్గర బిందెల కోసం కొట్లాడుకునే ఆడవాళ్లు, వేపచెట్టు కింద గడ్డం గీయించుకునే ముసలివాళ్లు, మురికి కాలువ మీద మంచం వేసుకుని నిద్రపోయే నైట్ షిఫ్టు మనిషి ఆయనకు కావాలి. మా వాళ్ల లెక్కలో ఫోటో అంటే తలంటుకుని, పౌడరు రాసుకుని, స్టూడియోలో పూలకుండీ పక్కన ఊపిరి బిగబట్టి నిలబడేది. దువ్వని జుట్టుతో ఉన్నప్పుడే ఈయన ఎక్కణ్నుంచి ఊడిపడతాడని ఆడవాళ్లు తిట్టేవాళ్లు, తిడుతూనే ఫోటో ఎట్లొచ్చిందని అడిగేవాళ్లు.

ఆ ఏడు ఆయన ఎవరి దగ్గరో చేతులు మారిన చిన్న సినిమా కెమెరా ఒకటి సంపాదించాడు. ఒక పగటిపూట బాయి గేటు దగ్గర నిలబడి, షిఫ్టు దిగి పైకొస్తున్న మనుషులను, ఒంటిమీది బొగ్గుపొడితో సహా, రీలుకెక్కించాడు. రీలు బొంబాయి వెళ్లి, కడిగించుకుని తిరిగొచ్చేసరికి సంగతి లైనంతా పాకింది. మగవాళ్లకు నచ్చలేదు. లైనుకు పెద్ద మా తాత రాజయ్యే. ఇంకొన్ని నెలల్లో పనిలోంచి దిగిపోబోతున్న మనిషి. ఆయనే దానియేలు మామను అరుగు మీదకు పిలిపించాడు.

"బాయి నలుపు ఇంటికొచ్చి కడుక్కునేది, గోడకెక్కించేది కాదు," అన్నాడు తాత. "రేపు మన పిల్లలను పెండ్లికి అడగొచ్చేటోళ్లు చూస్తే ఏమనుకుంటరు?"

మామ చాలాసేపు చెప్పి చూశాడు. చివరికి, "ఒక్కపారి చూడుండ్రి, పెద్దయ్యా. నచ్చకపోతే రీలు నీ పొయ్యిలనే ఎయ్యి. మల్ల ఈ లైన్ల కెమెరా పట్టనే పట్ట," అన్నాడు. తాత సరేనన్నాడు. మామ భార్య రూతమ్మత్త తలుపు వెనకే నిలబడి విన్నది. కెమెరా లేకపోతే ఈయన ప్లేడే నాడు ఏం చేస్తాడోనన్న దిగులు ఆమె మొహంలో నాకు కూడా కనిపించింది.

ముందురోజు వేసిన సున్నం మరునాటికే మసిబారే ఊరు కాబట్టి సినిమా రోజు మధ్యాహ్నమే గోడకు సున్నం కొట్టాలి. మామ నిచ్చెనెక్కి కొడుతుంటే మేం పిల్లలం కింద బకెట్లు అందించి, గోడ కన్నా ఎక్కువగా మేమే తెల్లబడ్డాం. చర్చి నుంచి ప్రొజెక్టరు వచ్చింది. పొద్దు గుంకగానే చాపలు, గోనెసంచులు, పీటలు పట్టుకుని లైనంతా దిగింది. రూతమ్మత్త క్రిస్మస్‌కు చేసిన గరిజెలు పళ్లెంలో పెట్టి అందరికీ పంచింది. తాతకు రెండు ఎక్కువ పెట్టింది. ఆయన తిన్నాడు కానీ మొహం సడలించలేదు.

గోడ వెలిగింది. చప్పుడు లేని సినిమా. గేటు కనిపించింది, గేటులోంచి మనుషులు రావడం మొదలైంది. ఒకరి తర్వాత ఒకరు, అందరూ ఒకే నలుపు, కళ్లూ పళ్లూ తప్ప.  తాత గొంతు సవరించుకోవడం వినపడింది. అప్పుడు గుంపులోంచి ఒకాయన విడివడి, తువ్వాల మెడకు చుట్టుకుని, ఎడమ భుజం కొంచెం వంచి మా వైపు నడిచి వచ్చాడు.

"గాయన మా శంకర్ వాళ్ల నాయిన," అంది మా ముందు చాప మీద కూర్చున్న లచ్చక్క.

"నీ ఆయన ఎట్లయితడే? గట్ల తువ్వాల చుట్టేది మా ఇంటాయన," అంది సమ్మక్క.

"ఇద్దరు ఊకోండ్రి. గా వంకర నడక నా నసీబుల రాసింది, రోజు చూస్తలేనా?" అంది వాళ్ల వెనకామె.

లచ్చక్క మొగుడు మగవాళ్లలోంచి, "గా దినం నాది నైట్ షిఫ్టు గదనే," అని గుర్తు చేశాడు.

"నువ్వూకో, నీకేం ఎరుక," అంది లచ్చక్క, గోడ మీద నుంచి చూపు తిప్పకుండా.

ఇంతలో గోడ మీది మనిషి ఆగాడు. టిఫిన్ డబ్బా చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపి చూసుకున్నాడు. లోపల రొట్టె ముక్క ఉందో లేదోనని. నా పక్కనున్న అవ్వ నోట్లో గరిజె పెట్టుకోబోతూ ఆగిపోయింది.

"ఏం పిల్లలే మీరు," అంది. "మా ముసలాయనను ముగ్గురు పంచుకుంటున్నరు."

వీధి వీధంతా నవ్వింది. తాత నెరిసిన మీసాన్ని బొగ్గు నల్లగా చేసింది, నుదుటి మీది ముడతలను పూడ్చేసింది. అందుకే ముగ్గురు పడుచు ఇల్లాళ్లు ఆయనను తమ మొగుడనుకున్నారు. నవ్వు సద్దుమణిగాక అవ్వ, ఎవరితోనూ కాకుండా, "నేను కాపురానికొచ్చినప్పుడు గిట్లనే ఉండె," అంది.

అందరం తాత వైపు తిరిగాం. ఆయన మాత్రం రీలు అయిపోయి ఖాళీగా వెలుగుతున్న గోడనే చూస్తున్నాడు. బాయిలో అద్దం ఉండదు, ఇంట్లో కడుక్కోకుండా ఆయన అద్దం ముందుకు వెళ్లడు. ఇన్నేళ్లు ఆ నలుపులో నడిచిన మనిషి, అందులో తానెలా ఉంటాడో అదే మొదటిసారి చూడడం. రీలు తన పొయ్యిలోకి రావాలో వద్దో ఆయనే చెప్పాలి. రూతమ్మత్త ఖాళీ పళ్లెం పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

"మల్లొక్కపారి తిప్పు, దానియేలు," అన్నాడు తాత. "నేను సక్కగ సూడలె."

ఆ సాయంత్రం ఎన్నిసార్లు తిప్పారో నాకు గుర్తులేదు. ఆ రోజు నుంచి షిఫ్టు వదిలే వేళకు దానియేలు మామకు కొత్త తంటా వచ్చిపడింది. గేటు దగ్గర బొగ్గు మొహాలతో మా వాళ్లు స్టూడియోలో నిలబడ్డట్టే బిగుసుకుని వరసగా నిలబడేవాళ్లు. ఆఫీసులో రాతపని చేసే ఒకాయన చెంపలకు ఇంత బొగ్గుపొడి పూసుకుని వచ్చి వరసలో దూరాడు. మామ నవ్వలేక, కెమెరా కదలకుండా పట్టుకోలేక అవస్థపడేవాడు.

ఆ రీలు పెళ్లిళ్లకూ పేరంటాలకూ తిరిగి తిరిగి పెళుసెక్కి, ముక్కలై పోయింది. ఆ బాయి మూతపడింది. క్వార్టర్ల వరస ఉన్నచోట ఇప్పుడు తవ్వి తీసిన మట్టి గుట్టలా ఉంది, దాని మీద తుమ్మలు మొలిచాయి. పనిలోంచి దిగిపోయినప్పుడు తాత తలంటుకుని, పౌడరు రాసుకుని, పూలకుండీ పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో ఒక్కటే మిగిలింది. తాత పోయాక దాన్ని గోడకు తగిలిస్తే అవ్వ దండ వేసేది, దీపం పెట్టేది, కానీ దాని వైపు చూసి మాట్లాడేది కాదు. ఎందుకని అడిగితే, "గీయన ఎవరో పట్నపు పెద్దమనిషి," అనేది.

ఆ ఫోటో ఇప్పుడు నా గదిలో ఉంది. రోజూ పొద్దున తుడుస్తాను. తుడిచిన ప్రతిసారీ ఆ మొహం ఇంకాస్త తెల్లబడినట్టే అనిపిస్తుంది.