చత్వారం గారి ఓటములు

లోకంలో అందరూ గెలిస్తే కేకలేస్తారు. కళ్లద్దాల మామయ్య ఓడిపోతే వేసేవాడు. అదీ మామూలు కేకా? ఆయన కళ్లద్దాల దుకాణం మెట్ల మీద పడుకున్న కుక్క లేచి, ఒళ్లు దులుపుకుని, ఎదురు మెట్ల మీదకి మారిపోయే కేక. "ఓడిపోయానోచ్!"

ఒకసారి అత్తయ్య పన్ను పీకించుకోవడానికి వెళ్లింది. బయట బెంచీల మీద జనం బుగ్గలు పట్టుకుని, లోపలి నుంచి వచ్చే ప్రతి చప్పుడుకీ బిక్కచచ్చిపోయి కూర్చున్నారు. ఉన్నట్టుండి మామయ్య ఫోను పైకెత్తి "ఓడిపోయానోచ్!" అన్నాడు. అందరూ లేచి నిలబడ్డారు. ఒకాయన ఇంటికే వెళ్లిపోయాడు. అత్తయ్య నోట్లో దూది కుక్కుకుని బయటికి వచ్చి మామయ్యని కళ్లతోనే తిట్టింది. దూది తీసేదాకా ఆయన బతికిపోయాడు.

ఇంతకీ ఓడేది ఎందులో అంటారా? భూతాల ఆటలో. ఫోనులో మీ మూడు భూతాలూ అవతలివాళ్ల మూడు భూతాలూ కొట్టుకుంటాయి. ఆ ఆటలో రకరకాల పోటీలున్నాయి. తెలివైనవాళ్లు ఆడే పోటీల్లో ఏ భూతం ఎప్పుడు ఏ దెబ్బ వేయాలో బుర్ర బద్దలు కొట్టుకుని ఎంచుకోవాలి. మామయ్య ఆడే పోటీ పేరు 'గుడ్డిదెబ్బ'. ఇందులో మీరు చేయాల్సిందల్లా మీట నొక్కడమే. ఏ దెబ్బ పడుతుందో ఆ భూతానికే తెలియదు. మూడు తలల రాక్షసి నిప్పులు కక్కుతుందనుకుంటే చక్కిలిగింత పెట్టి ఊరుకుంటుంది. ఇంతలేసి కోరలున్నది సరిగ్గా సమయానికి నిద్రపోతుంది. అంతా గుడ్డెద్దు చేలో పడ్డట్టు సాగిపోతుంది. పండితుడైనా పసివాడైనా అక్కడ ఒకటే.

ఈ ఆట ఆయనకి అంటించిన పాపం మేనకోడలు చిట్టిదే. ఆ ఆట నడిపే ఆఫీసులోనే ఆమె ఉద్యోగం. ఏ పోటీ ఎంతమంది ఆడుతున్నారు, ఎవరు మళ్లీ వస్తున్నారు, ఎవరు ముఖం చాటేస్తున్నారు, ఇవన్నీ లెక్కతీసి నెలనెలా పైవాళ్లకి చూపించాలి. ఎక్కువమంది ఆడే పోటీలు మొదటి పేజీలో కనిపిస్తాయి. తగ్గినవాటిని 'మరికొన్ని' అనే అటక మీదకి ఎక్కించేస్తారు. అటకెక్కిన పోటీ మళ్లీ కిందికి దిగిన దాఖలా లేదు. గుడ్డిదెబ్బ ఎప్పుడూ ఆ నిచ్చెన మొదటి మెట్టు మీదే ఒక కాలు వేసి ఉండేది.

"కనపడకపోతే ఎవరు ఆడతారే?" అని మామయ్య దిగులు. అందుకని దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లనీ పట్టుకునేవాడు. "అద్దాలు బిగించేలోపు ఒక్క ఆట ఆడండి. తెలివి అక్కర్లేదు!" అనేవాడు. సగంమంది నవ్వేవాళ్లు, సగంమంది నొచ్చుకునేవాళ్లు. ఎవరు నవ్వినా ఎవరు నొచ్చుకున్నా చిట్టికి మాత్రం తల తీసేసినట్టుండేది.

అసలు తలవంపు ఆఫీసు లిఫ్టులో జరిగింది. విరిగిన చిట్టి కళ్లజోడు బాగుచేసి ఇవ్వడానికి ఆయనే స్వయంగా వచ్చాడు. నుదుటికి దీపం కట్టుకుని, చొక్కా జేబులో మూడు స్క్రూడ్రైవర్లు పెట్టుకుని. లిఫ్టు నిండా చిట్టి తోటివాళ్లు. రెండో అంతస్తు దాటిందో లేదో, "ఓడిపోయానోచ్!"

లిఫ్టే ఆగిపోయిందనుకున్నారు అందరూ.

"ఎవరాయన? నీకు తెలుసా?" అని పక్కనున్నమ్మాయి గుసగుసగా అడిగింది.

"మా ఇంటి దగ్గర కళ్లద్దాలాయన," అంది చిట్టి.

అనేసింది. నోరు జారలేదు, కావాలనే అంది. మామయ్య ఆమె వంక ఒక్కసారి చూసి, వెంటనే పళ్లికిలించాడు. "అవునండీ! ఈ అమ్మాయిగారు అద్దాలు నా దగ్గరే చేయించుకుంటారు. మీరూ రండి, చూపు ఉచితంగా పరీక్షిస్తాను!" అని కళ్లజోడు ఆమె చేతిలో పెట్టి, తర్వాతి అంతస్తులో దిగిపోయాడు. ఎత్తుకుని పెంచిన మనిషి తనని 'అమ్మాయిగారు' అన్నాడు. చిట్టికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. మొదట ఆయన్ని చూసి సిగ్గు. ఆ తర్వాత తనని చూసుకుని సిగ్గు. రెండోది సాయంత్రమైనా దిగలేదు.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఆ నెల లెక్కల్లో ఒక వింత బయటపడింది. గుడ్డిదెబ్బలో ఒకడున్నాడు, పేరు 'చత్వారం'. పొద్దస్తమానం అక్కడే ఉంటాడు. ఆడినవాటిలో దాదాపు అన్నీ ఓడిపోయాడు. అదృష్టం మీద నడిచే ఆటలో ఎంత దరిద్రుడైనా సగం గెలవాలి కదా? తవ్వి చూస్తే తెలిసింది. గెలవబోయే ముందు 'ఓటమి ఒప్పుకుంటున్నాను' అనే మీట నొక్కుతున్నాడు.

నలభై దాటితే దగ్గరి అక్షరాలు అలుక్కుపోయే జబ్బు పేరు చత్వారం. ఆ పేరు ఎవడు పెట్టుకుంటాడో చిట్టికి ఒకరు చెప్పాలా?

మేనేజరు గారి గదిలో గోడ మీద ఒక పటం ఉండేది. గుడ్డిదెబ్బలో ఆవిడ తరఫున యుద్ధం గెలిచి ఒంటరిగా నిలబడ్డ భూతం బొమ్మ. మిగతా పోటీలన్నిటిలో ఓడినావిడ, ఆ ఒక్క గెలుపుకీ ఫ్రేము కట్టించుకుంది. ఆ పటం కిందే కూర్చుని కళ్లెర్రజేసింది.

"ఎవడమ్మా ఈ చత్వారం? ఎవరికో దొంగ గెలుపులు కట్టబెడుతున్నాడు. తెలుసా నీకు?"

"తెలియదండీ," అంది చిట్టి. ఇది రెండోసారి.

"నెలాఖరుకి తేల్చు. మోసమైతే అతని ఖాతా మూసేద్దాం. ఎలాగూ ఆ పోటీ ఆయువు మూడినట్టే ఉంది, అటకెక్కిద్దాం."

చిట్టి నేరుగా దుకాణానికి వెళ్లింది. మామయ్య ఒక పెద్దాయనకి కళ్లు పరీక్షిస్తున్నాడు. ఆయన్ని పంపించేదాకా ఆగి, ఒక్క ఉదుటున అడిగేసింది. "నీకేమైనా పిచ్చా మామయ్యా? గెలిచే ఆట ఎందుకు ఓడిపోతావ్?"

"అందరితో ఓడిపోనే. కొత్తవాళ్లతోనే. నాకు ఎక్కువగా తగిలేదీ వాళ్లే," అన్నాడు మామయ్య, దొంగతనం బయటపడ్డవాడిలా. "ఆ గోడ మీద అక్షరాల అట్ట చూడు. మొదట ఏది చదివిస్తాను?"

"పైన పెద్దది."

"గుడ్డివాడు తప్ప ఎవడైనా చదువుతాడు దాన్ని. అయినా అదే ముందు చదివిస్తాను. ఎందుకు? ఇక్కడికి వచ్చినవాడు నా కళ్లు పోయాయేమో అని హడలిపోతూ వస్తాడే. పెద్దక్షరం చదివి, బాగుందండీ అనిపించుకుంటే, అప్పుడు కుదుటపడి కింది వరుసకి దిగుతాడు. మొదటే చిన్నక్షరం పెట్టామనుకో, లేచి వెళ్లిపోతాడు. కొత్తగా ఆటకి వచ్చినవాడూ అంతే. ఒక్కటి గెలిస్తే రేపూ వస్తాడు."

"మరి ఆ కేకలెందుకు?"

"అవతల ఎవరో గెలిచారు కదే! వాళ్లు వేయాల్సిన ఆ కేకేదో నేనే వేశాను."

చిట్టి ఆఫీసు సంగతి చెప్పింది. మామయ్య ముఖం చిన్నబోయింది. "నీకు మాటొస్తుందంటే వద్దులే తల్లీ. రేపట్నుంచి గెలుస్తాను," అన్నాడు, జైలుకి బయల్దేరేవాడిలా.

అన్నమాట ప్రకారం గెలవడం మొదలుపెట్టాడు. కేకల్లేవు. కుక్క మళ్లీ పాత మెట్ల మీదకి వచ్చి పడుకుంది. అత్తయ్య ఫోను చేసి, "మీ మామయ్య పొద్దుట్నుంచి వరసగా గెలుస్తున్నాడే. అన్నం కూడా సరిగ్గా తినలేదు. నాకేదో భయంగా ఉంది," అని వాపోయింది. ఇటు చిట్టి చూస్తుండగానే లెక్కలు జారిపోయాయి. కొత్తవాళ్లు వస్తున్నారు, ఒక ఆట ఓడుతున్నారు, మళ్లీ కనిపించడం లేదు. గుడ్డిదెబ్బ నిచ్చెన మీద రెండో కాలు కూడా పెట్టేసింది.

నెలాఖరు వచ్చింది. ఆ రోజు లిఫ్టులో ఉన్నవాళ్లందరూ మేనేజరు గారి గదిలో కూర్చున్నారు.

"ఇక అటకెక్కిద్దామా?" అంది మేనేజరు.

చిట్టి లేచి నిలబడింది. "ఒక్క మాటండీ. చత్వారం ఎవరో నాకు తెలుసు. అప్పుడే తెలుసు. తెలియదని అబద్ధం చెప్పాను. ఆయన మా మామయ్య. మా అమ్మకి సొంత తమ్ముడు."

"లిఫ్టులో అరిచిన కళ్లద్దాలాయనా?" అంది పక్కనున్నమ్మాయి.

"ఆయనే. ఆ రోజూ అబద్ధమే చెప్పాను." ఇంత సిగ్గు పడ్డాక ఇంకొంచెం పడితే పోయేదేముంది అనుకుని, పెద్దక్షరం సంగతంతా చెప్పేసింది. ఆయన ఓడినన్నాళ్లూ కొత్తవాళ్లు ఎలా తిరిగొచ్చారో, గెలవడం మొదలెట్టాక ఎలా పోయారో తెర మీద చూపించింది.

మేనేజరు గారు మెల్లగా తల తిప్పి గోడ మీది పటం వైపు చూసింది.

"అయితే... నాది?" అంది. గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. "ఆ రోజు నేను కొత్తే కదమ్మా. చూడు ఒకసారి."

చిట్టి తన ఫోనులో చూసింది. అవతలి పేరు చత్వారం. చివరి వరుసలో 'ఓటమి ఒప్పుకుంటున్నాను'. చటుక్కున ఆ పేజీ మూసేసింది.

"అవతల ఎవరో వేరే ఆయనండీ. మీది అచ్చమైన గెలుపు."

మేనేజరు గారు ఊపిరి పీల్చుకుని, పమిట సర్దుకుని, మళ్లీ మేనేజరైపోయింది. "అటక మీదకి వద్దులే. మొదటి పేజీలోనే ఉండనీ. కొత్తగా వచ్చినవాళ్లకి మొదటి ఆట వీలైనంతవరకు మీ మామయ్యగారితోనే పడేలా చూడండి. నా కళ్లజోడు కూడా వదులైంది, ఆయన దుకాణం ఎక్కడ?"

ఆ సాయంత్రం చిట్టి మామయ్యకి ఇక మళ్లీ ఓడిపోవచ్చని చెప్పి, దుకాణం బయట బెంచీ మీద కూర్చుని, కొత్త పేరుతో గుడ్డిదెబ్బలోకి దూరింది. అవతల చత్వారం తగిలాడు. ఆమె భూతాలు రెండు పడిపోయాయి, మూడోది గురకపెడుతోంది. ఇంకొక్క దెబ్బ పడితే ఆట ఐపోతుంది. దెబ్బ పడలేదు. మీరు గెలిచారు అని తెర మీద అక్షరాలు వచ్చాయి.

"ఓడిపోయానోచ్!"

కుక్క లేచి, ఒళ్లు దులుపుకుని, ఎదురు మెట్లకి వెళ్లిపోయింది.

అప్పుడు తట్టింది చిట్టికి. చిన్నప్పుడు పాములు నిచ్చెనలు ఆడితే ఎప్పుడూ తనే గెలిచేది. "దీని చెయ్యి మంచిదిరా," అని ఇంటిల్లిపాదీ అనేవాళ్లు. ఆ చెయ్యి మీద నమ్మకంతోనే పరీక్షలు రాసింది, ఈ ఉద్యోగానికీ వెళ్లింది. విసురుగా లేచి లోపలికి వెళ్లింది.

"మామయ్యా! చిన్నప్పుడు నీ కాయ ఎప్పుడూ పెద్ద పాము నోట్లోనే పడేదేం? గళ్లు తప్పు లెక్కపెట్టేవాడివి కదూ?"

మామయ్య అద్దం తుడుస్తూ తలెత్తలేదు. "ఏం చేయనే? గళ్లు సరిగ్గా కనపడేవి కావు. చత్వారం."

"అప్పటికి నీకు ముప్పై ఏళ్లు కూడా లేవు!"

"కొందరికి తొందరగా వస్తుందిలే," అన్నాడు.

మూల కుర్చీలో వంతు కోసం కూర్చున్న ఒకావిడ ఇదంతా వింటూ ఉంది. "ఎవరమ్మా ఈయన? ఇందాక గావుకేక పెట్టారేం?" అని అడిగింది.

"మా మామయ్యండీ," అంది చిట్టి, పక్క వీధికి కూడా వినిపించేటట్టు. "మీరూ ఒక ఆట ఆడండి. తప్పకుండా గెలుస్తారు."