అయ్యగారి ముందు అనలేని మాట

గ్రీకు నేర్పమని ముందు అడిగింది నేను. అరవైల చివర్లో, విజయనగరంలో డిగ్రీ చదువుతున్న రోజులు. మా చర్చిలో రిటైరైన పాదిరి అయ్యగారు పాత గ్రీకులోనే బైబిలు చదువుతారని తెలిసి, బతిమాలి ఒప్పించుకున్నాను. నెల తిరక్కుండా మా మేనత్త కొడుకు సాలూరు నుంచి ఊడిపడ్డాడు. బావ అన్నమాటే గాని నా ఈడువాడే. చాప మీద నా పక్కనే చతికిలబడ్డాడు. నేను కిందామీదా పడి నేర్చుకున్న అక్షరాలు వాడికి ఇట్టే వచ్చేశాయి. ఒళ్ళు మండిపోయింది.

అప్పటికే అయ్యగారికి చూపు తగ్గిపోతోంది. సాయంత్రాలు తనకి చదివిపెట్టడానికి మా ఇద్దరిలో ఒకణ్ణి ఎంచుకుంటానన్నారు. ఆ ఒక్కడూ నేనే కావాలి. బావ అయితే నేను తట్టుకోలేను.

ఆ రోజు పాఠం తేలికే.

"మనం నల్లోడు, పొట్టోడు అంటాం కాదేటి, గ్రీకోళ్ళూ అంతే. గుణం సెప్పే మాట ముందు 'హొ' అని పెడితే సాలు, మనిషైపోతాడు," అన్నారు అయ్యగారు.

సొఫోస్ అంటే తెలివైన. హొ సొఫోస్ అంటే తెలివైనవాడు. బావ కంటే ముందు నేనే చెప్పాను. కడుపు చల్లబడింది.

తర్వాత అయ్యగారు "హొ తుఫ్లోస్" అన్నారు. గుడ్డివాడు. నాకు తెలుసు. కానీ పుస్తకం ముక్కుకి ఆనించి వెతుక్కుంటున్న పెద్దమనిషి ఎదుట ఆ మాట ఎలా అంటాం? మా ఇంట్లో బొత్తిగా కనబడని తాతని కూడా "చూపు ఆనదు" అనేవారే గాని ఇంకో మాట అనలేదు. తలొంచుకుని కూర్చున్నాను.

"ఏటిరా, రాదా?"

"గుడ్డోడు, అయ్యగారూ," అన్నాడు బావ, తడుముకోకుండా.

అయ్యగారు పకపకా నవ్వారు. పుస్తకం తీసి వాడి ఒళ్ళో పెట్టారు.

"రేపట్నుంచి నువ్వు సదువు."

"నాకూ తెలుసండి," అన్నాను. "మీ ముందు అనడం బాగోదని ఊరుకున్నాను."

"అది నాకు తెలుసురా. రేపు ఇంకో మాట కూడా అలాగే దాటేస్తావు. కనబడనోణ్ణి, నాకెలా తెలుస్తాది?"

లేచి వచ్చేశాను. రేపటి దాకా ఆగలేక బావ అప్పుడే చదవడం మొదలెట్టాడు. ఎక్కడైనా తప్పు చదువుతాడేమోనని, చెప్పులు వేసుకునే వంకతో చాలాసేపు అరుగు మీదే నిలబడ్డాను.

ఒక్క తప్పూ చదవలేదు.