అరుపుల వెర్నా

షికాగో రేడియోలో శనివారం సాయంత్రం వచ్చే గుర్రపు వీరుల నాటకంలో వెర్నాకి మాటలుండవు, అరుపు ఒక్కటే. బందిపోట్లు బండిని చుట్టుముట్టగానే ఆమె అరవాలి, అది విని వీరులు రావాలి. తేనె కలిపిన వేడినీళ్ళు తాగి, బూట్లు విడిచి, మైకు దద్దరిల్లకుండా గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుని అరుస్తుంది. వెంటనే, నాటకానికి చప్పుళ్ళు చేసే ఎల్మర్ ఇసుక పెట్టెలో కొబ్బరి చిప్పలు గుర్రపు డెక్కల్లా టకటకలాడిస్తాడు. గుర్రాలు వచ్చేస్తాయి. ఇంట్లో కూడా ఆమె రోజూ సాధన చేస్తుంది. మొదట్లో పరిగెత్తుకొచ్చిన ఇరుగుపొరుగు ఇప్పుడు తలుపైనా తీయరు.

మొన్న చీకటి పడే వేళ, ఇంటి మెట్ల మీద ఒకడు ఆమె మెడకి కత్తి ఆనించి చేతిసంచి లాక్కున్నాడు. వెర్నా అరిచింది, అలవాటు కొద్దీ గోడవైపు తిరిగి. పై అంతస్తులోంచి ముసలి ఆగ్నెస్ గొంతు వినిపించింది. "నిన్నటంత బాలేదమ్మా వెర్నా. అందులో బొత్తిగా భయమే లేదు." కత్తి పట్టినవాడు ఒక్క క్షణం పైకి చూసి, తాపీగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఈ శనివారం కూడా వెర్నా అరిచింది. ఎల్మర్ చిప్పలు అందుకోవడం కాస్త ఆలస్యమైంది. ఆ కాసేపూ ఆమె గోడకి అతుక్కుపోయి, రెండు చేతులతో మెడ కప్పుకుని నిలబడింది.