మిగతా లెక్క రేపు

కరోనాలో బడులు మూసేసినప్పుడు కైకలూరులో మా కేబుల్ ఆపరేటరు చదువుల ఛానెల్ ఒకటి పెట్టాడు. లెక్కల మాస్టారుగా రిటైరై ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్న నన్ను పిలిచి పదో తరగతి లెక్కలు చెప్పమన్నాడు. ఐసు దుకాణం పైగదిలో ఒక బోర్డు, ఒక కెమెరా, చూసేవాళ్ళు ప్రశ్నలడగడానికి ఒక పాత ఫోను. పాఠం లైవులో వచ్చేది. బజారుకెళ్తే "టీవీ మాస్టారు" అని జనం ఒకరికొకరు చూపించుకునేవారు. అబద్ధమెందుకు, ఛాతీ పొంగేది.

రోజూ ఒకావిడ ఫోను చేసేది. కొల్లేటి లంకలో అంగన్‌వాడీ ఆయా. అక్కడ టీచరు పోస్టు ఖాళీ అవబోతోందట, పది పాసైతే దానికి అర్హత వస్తుందని ఓపెన్ స్కూల్లో చేరింది. "మాస్టారండీ, బోర్డు తుడవకండి, ఇంకా రాసుకుంటున్నాను" అనేది. నేను పక్కకి తప్పుకునేవాణ్ణి. అంతసేపూ టీవీలో ఉత్త బోర్డే.

"జనం ఛానెల్ మార్చేస్తారండీ!" అని ఆపరేటరు తల పట్టుకునేవాడు.

"మార్చుకోనీ" అనేవాణ్ణి. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది.

తర్వాత బడులు తెరిచారు. ఫోన్లు తగ్గిపోయాయి, ఆవిడది మాత్రం ఆగలేదు. ఓ సాయంత్రం వర్గ సమీకరణం సగంలో ఉండగానే టైమైపోయింది. "మిగతాది రేపు" అన్నాను. మర్నాడు వెళ్తే గదికి తాళం. మా పాఠం వేళకి రొయ్యల మేత ప్రకటనలు వస్తున్నాయి.

"పాఠాలన్నీ ఇప్పుడు సెల్‌ఫోన్లోనే ఉన్నాయి కదండీ" అన్నాడు ఆపరేటరు. ముందురోజు చెప్పి ఏడవొచ్చుగా అని అరిచాను. ఆ పాత ఫోనులో నంబర్లు కనపడవు, ఆవిడది ఏ లంకో నేనెప్పుడూ అడగలేదు. పరీక్షలు దగ్గరపడేకొద్దీ నాకు అన్నం సయించేది కాదు.

మొన్న ఏలూరు బస్సులో సీటు కోసం ఒకాయనతో గొడవపడి కూర్చున్నాను. వెనకనుంచి "మాస్టారండీ" అని వినబడింది. అదే గొంతు.

"పాసయ్యారా అమ్మా?"

"లెక్కలు పోయాయండీ. పోస్టు వేరే అమ్మాయికిచ్చారు."

"సెల్‌ఫోన్లో పాఠాలు చూసుకోలేకపోయారా?"

"చూశానండీ. కావాలంటే ఆపుకోవచ్చు కూడా. కానీ ఎందుకలా వచ్చిందని అడిగితే పలకరు కదండీ."

ఆవిడ కాస్త ముందుకి వంగి, "ఆ రోజు లెక్క మిగతాది చెప్తారా అండీ?" అంది.

"ఇప్పుడెందుకమ్మా?"

"రేపు చెప్తానన్నారు కదండీ."