వదినకి తెచ్చే మన్ను

వదిన పోయిందన్న కబురు ఎదురింటి కొట్టు ఫోనుకి వచ్చింది. మా ఆయన విశాఖపట్నం ఆసుపత్రి నుంచి చేశారు. కొట్టు వాళ్ళమ్మాయి వీధిలోంచి కేకేస్తే, డాబా మీద మొక్కలకి నీళ్ళు పోస్తున్నదాన్ని చేతిలో చెంబుతోనే దిగి వెళ్ళాను. "అప్ప నేదు" అన్నారు. ఫోను పెట్టేసి మళ్ళీ మేడెక్కి మిగిలిన డబ్బాలకి కూడా నీళ్ళు పోశాను. ఏడుపు తరవాత వచ్చింది. ముందు వచ్చిన ఆలోచన ఒక్కటే. ఇంక ఈయన మన్ను ఎవరికి తెస్తారు?

ఇది చదివే మీకు ఆ ఆలోచన వింతగా ఉంటుంది. అందుకే మొదటి నుంచి చెబుతాను.

పలాసలో మా ఇల్లు రైలుపట్టాలకి దగ్గర. ఇంటి ముందు సిమెంటు, వెనక సిమెంటు. తులసిమొక్క పెట్టడానికి కూడా నేల లేదు. వదిన మొక్కలన్నీ డాబా మీద పిట్టగోడ వెంట ఉండేవి. నూనె డబ్బాలు, మూతి విరిగిన బిందెలు, పిడి ఊడిన బకెట్లు, అన్నిటికీ అడుగున మేకుతో కొట్టిన కన్నాలు. వదిన మా ఆయనకి అక్క. మా వైపు అక్కని అప్ప అంటారు. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. అత్తగారు కాలం చేశాక తమ్ముడిని ఆవిడే పెంచింది. జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. జీడిరసానికి ఆవిడ వేళ్ళు నల్లబడిపోయాయి. ఎంత తోమినా ఆ నలుపు పోయేది కాదు.

ఉద్దానంలో కొబ్బరితోటలు తుఫానుకి పడిపోయిన మరుసటి ఏడు నా పెళ్ళి. మాది కంచిలి దగ్గర పల్లె. నేను ఐదో తరగతితో బడి మానేశాను, మాట్లాడేది తక్కువ. కొత్తలో మా ఆయనతో కూడా తలుపు చాటు నుంచే మాట్లాడేదాన్ని.

ఆయన వ్యాను నడిపేవారు. కాపురానికి వచ్చిన నెలలోనే ఒక సాయంత్రం భుజాన గోనెసంచితో ఇంటికొచ్చారు. బరువుగా ఉంది. కొత్త పెళ్ళాన్ని కదా, నాకేదో తెచ్చారనుకున్నాను. పనసకాయేమో అనుకున్నాను. ఆయన నా పక్కనుంచే మెట్లెక్కి పైకి వెళ్ళిపోయారు. నేను వెనకాలే వెళ్ళి మెట్ల మలుపులో ఆగాను.

"అప్పా, టెక్కలి దగ్గర సెరువులో పూడిక తీత్తన్నారు. సూడు, పనికొత్తాదా?"

వదిన పీట మీద కూర్చుని సంచి మూతి విప్పింది. గుప్పెడు మన్ను తీసి, కాసిన్ని నీళ్ళు చిలకరించి, పిడికిలి బిగించింది. వేళ్ళు విప్పితే అరచేతిలో ముద్ద, ముద్ద మీద నాలుగు వేళ్ళ అచ్చులు. దాన్ని బొటనవేలితో మెల్లగా పొడిచింది. అది విడలేదు.

"బంక ఎక్కువరా. ఇదొక్కటీ ఏత్తే డబ్బాలో ఇటక తయారవుద్ది. ఉద్దానం ఇసక కలపాల."

"రేపు పూండి ఎల్తన్నాను గదా, తెత్తాన్లే."

"తోట లోపల ఇసక తే. రోడ్డు పక్కది తేకు. మొన్న తెచ్చినావు, అందులో సగం బీడీ ముక్కలే."

ఇద్దరూ నవ్వుకున్నారు. ముద్ద పట్టాలి, పొడిస్తే విడాలి. అదీ వదిన పరీక్ష. పరీక్ష అయిన ముద్దని పారేసేది కాదు. పిట్టగోడ మీద వరసలో పెట్టేది. ఎండకి ఏ మన్ను ఎంత గట్టిపడుతుందో, ఎక్కడ బీట తీస్తుందో చూసుకునేది. వాన పడితే అవి కరిగి గోడ మీద ఎర్రగా, నల్లగా చారలు కట్టేవి.

ఆ సాయంత్రం అక్కాతమ్ముళ్ళు మన్ను గురించి మాట్లాడుకున్నంతసేపు ఆయన నాతో ఆ నెలలో మాట్లాడి ఉండరు. అప్పుడే నా మనసులో పడింది. ఒక్కసారి ఆ సంచి నా ముందు దించాలి. దించి, పనికొత్తాదా అని నన్ను అడగాలి. చీరలు కావాలనే పెళ్ళాలు ఉంటారు. నాకు ఆ ప్రశ్న కావాలి.

తరవాత ఎన్ని సంచులు వచ్చాయో. మందస వైపు ఎర్రమన్ను, పూండి తోటల ఇసక, ఎవరి కళ్ళంలోంచో చివికి నల్లబడిన పశువుల గెత్తం. అన్నీ నా పక్కనుంచే మేడెక్కాయి. ఒకసారి కన్నవారింటికి వెళ్తే మా అమ్మ పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది.

"అల్లుడు ఊరెల్లి వచ్చినప్పుడు ఏటి తెత్తాడే?"

"మన్ను."

"ఆఁ?"

"మన్నేనమ్మా. అదీ నాక్కాదు."

మా అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఒక మాట చెప్పకపోతే వదినకి అన్యాయం చేసినట్టే. ఆవిడ పూలు పెట్టుకునేది కాదు. డాబా మీద పూసిన ప్రతి కనకాంబరం, ప్రతి గులాబీ నా తలలోకే వచ్చేవి. పనికి వెళ్ళే ముందు ఆ నల్లటి వేళ్ళతోనే మాల కట్టి, నన్ను గుమ్మంలో కూర్చోబెట్టి, జడలో తురిమి వెళ్ళేది. "కదలకు పిల్లా, ఊగిపోతన్నావు" అని నెత్తి మీద చిన్నగా మొట్టేది. వీధిలో వాళ్ళు నా జడ చూసి కుళ్ళుకునేవారు. నేనేమో పూలు పెట్టుకుని మన్ను మీద కుళ్ళుకునేదాన్ని.

ఆ కుళ్ళుతోనే ఒకసారి సొంతంగా మొక్క పెట్టాను. మా ఊరి నుంచి జాజి అంటు ఒకటి ప్లాస్టిక్ కవరులో తెచ్చుకున్నాను. వదినకి చెప్పలేదు. ఆవిడ డబ్బాల అడుగున నల్లగా ఏవో పెంకులు వేయడం దూరం నుంచి చూశాను గానీ అవేమిటో అడగడానికి మనసొప్పలేదు. పలాసలో నల్లటి పెంకులకి కరువా? పిక్కలు కొట్టే చోట గుట్టలుగా పోసిన జీడితొక్క కొంచెం తెచ్చి అడుగున పరిచాను. దాని మీద మన్ను పోసి, జాజి నాటి, మెట్ల వెనక దాచుకున్నాను. వారం తిరక్కుండా ఆకులు అంచుల నుంచి మాడిపోవడం మొదలైంది. నీళ్ళు చాలలేదేమోనని ఇంకా పోశాను.

వదిన కంట పడనే పడింది. డబ్బా బోర్లించి చూసి, నుదురు కొట్టుకుంది.

"ఓలమ్మా, జీడితొక్క ఏసినావేటి! నా సేతులు సూడనేదా? మనిసి తోలునే కాల్చీసిన రసం, ఏర్లని ఊరుకుంతాదా?"

"నువ్వూ నల్లటివే ఏత్తావు గదా, వదినా."

"అవి పాత ఇంటి పెంకులే పిల్లా. పొయ్యి పొగకి నల్లబడినాయి. అడిగితే సెప్పనా?"

అడగాలంటే నోరు రావాలి కదా. నేను తల దించుకున్నాను. వదిన కత్తిపీట తెచ్చి, మాడి గోధుమరంగు తిరిగిన వేర్లు కోసేసింది. కొత్త డబ్బా తీసుకుని, కన్నం మీద పెంకుముక్క బోర్లా పెట్టింది. "ముందు నీరు పోడానికి దారి సెయ్యాల. మొక్క సంగతి తరవాత" అంది. పెంకు మీద కొబ్బరి డొక్క పీచు పరిచింది, మన్ను జారి కన్నం మూసుకుపోకుండా. ఆ పైన వేసే పొరల్ని వదిన ఊళ్ళ పేర్లతో పిలిచేది.

"పూండి అందుకో" అంటే ఇసక. దోసెడు పోసింది. "మందస రెండు పాళ్ళు, టెక్కలి ఒక పాలు. కళ్ళంది మరో పాలు." ఎర్రమన్ను, ఒండ్రు, గెత్తం తట్టలో కలిపింది. నేను అందిస్తున్నాను. పెంకొక్కటే మా ఇంటిది. మిగిలిన పొరలన్నీ మా ఆయన తిరిగిన దారులే. నేను ఆయన పక్కన కూర్చుని ఎప్పుడూ వెళ్ళని దారులు.

జాజి వేర్లకి పట్టుకున్న మా ఊరి మన్ను దులపబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"కంచిలి ఉంచు. పాత మన్ను కొంత కాళ్ళకి ఉంటేనే కొత్త మన్నులో నిలబడతాది."

ఈ మాట చెబితే కొందరు, అది నీ గురించే అని ఉంటుందిలే అన్నారు. కాదు. మొక్క గురించే అంది. వదిన చుట్టు తిప్పి మాట్లాడే మనిషి కాదు.

చివర్న పైన ఎండిన జీడాకు పరిచి, నీడకి జరిపింది. జాజి బతికింది. పిట్టగోడ ఎక్కింది, పూసింది. మా ఆయన చూసి, "అప్ప సెయ్యి పడితే సచ్చినదైనా లేత్తాది" అన్నారు. జాజి నాది, ఊరు నాది, పేరు ఆవిడకి వెళ్ళింది. వదిన ఆ జాజుల మాల నా జడలో పెడుతుంటే తలనొప్పి అని చెప్పి లేచి వెళ్ళిపోయాను. వదిన దాన్ని దేవుడి పటానికి వేసింది.

మా వైపు చాలా ఇళ్ళలో ఉన్న జబ్బే వదినకీ వచ్చింది. కిడ్నీలు. కాళ్ళు వాచాయి, పని మానేసింది. ఉప్పు వద్దన్నారు, తాగే నీళ్ళకి కొలత పెట్టారు. మెట్లెక్కలేని రోజు నా చేత నీళ్ళు పోయించేది. "నాకు పెట్టినారు కొలత. మొక్కలకి పెట్టనేదు. బాగా పొయ్యి" అనేది.

ఆ రోజుల్లోనే ఒకసారి మా ఆయన తెల్లటి ఇసక తెచ్చారు. వదిన దాన్ని చూసి, చిటికెడు నాలిక మీద వేసుకుని ఉమ్మేసింది.

"ఒరే, సముద్రం ఒడ్డుది తెచ్చినావా?"

"దారిలో ఉంది గదాని..."

"డాక్టరు ఉప్పు తినొద్దన్నాడురా. నువ్వు సంచితో తెచ్చి పెడతన్నావు."

మా ఆయన నవ్వలేక, ఏడవలేక సంచి ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయారు. నేను నోటికి పైట అడ్డం పెట్టుకుని నవ్వాను. వదిన నన్ను చూసి తనూ నవ్వింది. మేమిద్దరం కలిసి ఆయన్ని చూసి నవ్వడం అదే మొదలు.

తరవాత ఆవిడకి పిడికిలి బిగించే బలం లేకపోయింది. సంచి ఇప్పుడు మేడ మీదికి కాదు, వదిన మంచం పక్కకి వచ్చేది. "నువ్వు పిసుకు పిల్లా, నాను సూత్తాను" అంది. నేను పిసికేదాన్ని. "అంత బిగించీకు. మన్ను మీద కోపమేటి?" అనేది. కోపం మన్ను మీద కాదని ఆవిడకి తెలుసనుకుంటాను. నేను వేళ్ళు విప్పేదాన్ని, ఆవిడ చూసేది, మా ఆయన ఆవిడనే అడిగేవారు, ఆవిడే జవాబు చెప్పేది. మన్ను నా చేతిలో ఉండేది. ప్రశ్న మాత్రం నన్ను దాటి వెళ్ళేది.

విశాఖపట్నం తీసుకెళ్ళే ముందు రోజు పొద్దున్న వదిన మేడ ఎక్కుతానంది. నా భుజం పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కింది. ప్రతి డబ్బాలోనూ వేలు గుచ్చి చూసింది. మందస సంచి అడుగున మిగిలిన మన్ను గుప్పెడు తీసి, రెండు చేతులూ చేర్చి నొక్కి, ముద్ద చేసి పిట్టగోడ మీద పెట్టింది. జాజి దగ్గర ఆగి, "దీని డబ్బా ఇరుకైపోనాది. మార్సాల" అంది. ఎవరు మార్చాలో చెప్పలేదు.

కర్మలు అయ్యాక కూడా చాలా రోజులు మా ఆయన ఉత్త చేతులతోనే ఇంటికొచ్చారు. మొన్న సాయంత్రం వ్యాను ఆగింది. గోనెసంచి భుజాన వేసుకుని లోపలికొచ్చారు. వదిన మంచం ఉండే చోటికి వెళ్ళి, సంచి దించబోయి, ఆగిపోయారు. మంచం ఎప్పుడో తీసేశాం. కాసేపు బరువుతో అలాగే నిలబడ్డారు. అలవాటు కొద్దీ తెచ్చారో, తెలిసే తెచ్చారో నేను అడగలేదు. నేను మెట్లెక్కడం మొదలుపెట్టాను. వెనకాల ఆయన అడుగులు వినిపించాయి.

జాజి డబ్బా పక్కన దించారు. సంచి మూతి ఆయనే విప్పారు. కుళాయి నీళ్ళు చెంబుతో తెచ్చి పెట్టి, గోడ వైపు చూస్తూ అన్నారు.

"టెక్కలిదే. సూడు... పనికొత్తాదా?"

ఎన్నేళ్ళు ఎదురుచూశానో ఆ మాట కోసం. తీరా వచ్చాక, నేను ఎదురుచూసినట్టు లేదు. ఆ గొంతులో సగం ఇంకా వదిననే అడుగుతోంది. ఆ సగం కూడా నాకు కావాలనిపించింది, చనిపోయిన మనిషి దగ్గర నుంచి కూడా.

గుప్పెడు తీశాను. నీళ్ళు చిలకరించి, ఎక్కువ బిగించకుండా నొక్కాను. బొటనవేలితో పొడిచాను. విడలేదు.

"బంక ఎక్కువ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పూండి ఇసక కలపాల. తోట లోపలిది తెండి."

ఆయన తల ఊపారు. మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ముద్దని పారేయలేదు. పిట్టగోడ మీద వదిన చివరి ముద్ద పక్కన పెట్టాను. ఆవిడది ఎండి రాయిలా అయింది గానీ ఎక్కడా బీట తీయలేదు. రెండు చేతుల వేళ్ళ అచ్చులూ దాని మీద లోతుగా, వరసగా ఉన్నాయి. నాది ఇంకా తడిగా ఉంది, ఒక పక్కకి ఒరిగింది. ఎంత సర్దినా ఆవిడదే గుండ్రంగా కనిపిస్తోంది. తూర్పున సముద్రం వైపు మబ్బు పట్టింది. ఒక పాత తట్ట తెచ్చి రెండింటి మీదా బోర్లించాను.